నాలుగేళ్లుగా ప్రొటీన్ పొడి వాడుతున్నాను: నా అనుభవం

వే ప్రొటీన్ మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది, ఇప్పటికీ వాడుతున్నాను. తిరుపతిలో ఉద్యోగం, సాయంత్రాలు జిమ్, వయసు నలభైకి దగ్గర. మొదట్లో 63 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 70 దగ్గర నిలబడ్డాను. నడుము పెద్దగా మారలేదు, భుజాలూ తొడలూ నిండాయి. ఇందులో డబ్బా వాటా ఎంత అంటే, చిన్నదే. కానీ ఆ చిన్న వాటా నాకు నిజంగా పనికొచ్చింది.

ముందు ఇంటి తిండి లెక్క. పొద్దున నాలుగిడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి మళ్లీ అన్నమో సంగటో, రోజు మొత్తం మీద అర లీటరు పాలూ పెరుగూ. తూకం వేసి చూస్తే ప్రొటీన్ 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు, అంటే నాకు 58. కాబట్టి మా అమ్మ పెట్టే తిండిలో లోటేమీ లేదు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకు కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అది నాకు 112. అసలు కథంతా ఈ యాభై గ్రాముల తేడాలోనే ఉంది.

ఉడికించిన గుడ్లు మూడు తింటే 18 గ్రాములు. మీల్ మేకర్ ఎండువి 40 గ్రాములు కూరలో వేసుకుంటే ఇంకో 20. మిగిలేది పదిహేను గ్రాములు, దానికే ఈ పొడి. మన జిల్లా పంటే కదా, శెనక్కాయలు తింటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వంద గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే, కానీ సగం దాకా నూనే, 560 కేలరీలు. గుప్పెడు మంచిది. ప్రొటీన్ కోసమని వాటి మీదే ఆధారపడితే ముందు పొట్ట పెరుగుతుంది.

పొడి విలువ నాకు బాగా తెలిసింది సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెలలో. శనివారాలు వెంకన్నకు తళిగ వేసి నైవేద్యం పెట్టే ఇల్లు మాది, ఆ నెలంతా వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. ఉన్నట్టుండి 18 గ్రాములు పోతాయి. రోజూ మీల్ మేకర్ తినాలంటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. అప్పుడు ఒక స్కూప్‌ను రెండు చేస్తాను. ఆ నెలలో జిమ్‌లో ఎత్తే బరువు తగ్గకుండా నిలబెట్టుకోగలుగుతున్నాను.

చీజ్ తయారీలో, పాలు విరిచాక మిగిలే నీటిని వడగట్టి ఆరబెడితే వచ్చేదే ఈ పొడి. కాన్‌సెంట్రేట్ రకంలో 70–80 శాతం ప్రొటీన్, ఐసొలేట్‌లో 90 దాకా. మొదటి డబ్బా కాన్‌సెంట్రేట్, తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం. పాలలో ఉండే చక్కెర, అదే లాక్టోజ్, తక్కువని ఐసొలేట్‌కు మారాను, ఆ బాధ పోయింది. చాక్లెట్, మామిడి రుచులు కొన్నాళ్లకే విసుగొచ్చాయి. ఇప్పుడు ఏ రుచీ కలపనిదే కొంటున్నాను. రాగి అంబలి బాగా చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు వేసి, చివర్లో ఈ పొడి కలుపుతాను. వేడి మీద వేస్తే ఉండలు కట్టి అడుగున అంటుకుంటుంది, చల్లటి దాంట్లో అయితే కాస్త నురగ తప్ప పొడి వేసినట్టే తెలియదు. ఎండాకాలం మా ఊళ్లో షేకర్‌ను కడగకుండా బ్యాగులో పడేస్తే మూత తీయలేనంత వాసన వస్తుంది, వెంటనే కడగాలి.

కొనేటప్పుడే జాగ్రత్త కావాలి. 2024లో 'మెడిసిన్' అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో మన దేశంలో అమ్మే 36 పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం వాటి మీద ప్రొటీన్ లెక్క తప్పుగా ఉందని తేలింది. ల్యాబుల్లో మామూలుగా కొలిచేది నైట్రోజన్‌ను, దాన్నిబట్టే ప్రొటీన్ లెక్క కడతారు. గ్లైసిన్, టారిన్ లాంటి చౌక అమైనో ఆమ్లాలు కలిపితే ఆ అంకె పెరుగుతుంది, కండకు అందేది మాత్రం పెరగదు. లేబుల్ మీద ఆ పేర్లు కనిపిస్తే నేను ముట్టుకోను. ఊళ్లో ఒక షాపులో నాకిచ్చిన డబ్బా మీద, అసలుదో నకిలీదో తెలియడానికి గీకి చూసుకోవాల్సిన కోడ్ అప్పటికే గీకేసి ఉంది. గట్టిగా వాదించి తిరిగిచ్చేశాను. పధ్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, తయారీ తేదీ, సీల్ చూడకుండా డబ్బు కట్టొద్దు.

"ఆ పొడి తాగితే కిడ్నీలు పోతాయంట కద నాయనా" అని అమ్మకు ఇప్పటికీ టెన్షనే. అందుకే ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి రిపోర్టు ఆమె చేతికే ఇస్తాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంతవరకు హద్దులోనే ఉంది. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఈ మోతాదుతో భయం లేదని డాక్టరు చెప్పారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంతకు ముందే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలైతే కండ కోసం ఈ పొడుల జోలికే వెళ్లొద్దన్నాయి. తిండి సరిగా తినని కుర్రాళ్ల విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. తిండి లెక్క చూసుకుని, మిగిలిన లోటుకే వాడే నాలాంటివాళ్లకు అంత కచ్చితంగా వర్తించదని నా అభిప్రాయం.

మధ్యలో కొన్ని నెలలు పొడి పూర్తిగా ఆపి, గుడ్లు పెంచి చూశాను. బలం తగ్గలేదు. పొడి తాగుతూ, ఆఫీసు పని వల్ల జిమ్ మానేసిన రోజుల్లో మాత్రం తగ్గింది.

ఖర్చు సంగతికొస్తే, ఈ మధ్య కొన్న ఐసొలేట్‌లో గ్రాము ప్రొటీన్ నాలుగు రూపాయల దాకా పడింది. గుడ్డులో రూపాయి కాస్త అటూ ఇటూ, మీల్ మేకర్‌లో అర్ధరూపాయి కూడా పడదు. మా జిమ్‌లో డిగ్రీ చదివే పిల్లాడు ఒకడు "అన్నా, అప్పు చేసైనా మాస్ గెయినర్ కొంటా" అన్నాడు. బరువు పెంచుతాయని అమ్మే ఆ గెయినర్ పొడుల్లో చాలావాటిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమే. మూడు వేలు దానికి పోసే బదులు రోజుకు నాలుగు గుడ్లు తినమన్నాను, నెలకు వెయ్యి లోపే అవుతుంది. ఆరు నెలలు మానకుండా బరువులెత్తి, అప్పటికీ లోటుంటే వచ్చి అడగమన్నాను, మంచి డబ్బా చూసి కొనిపెట్టే పూచీ నాది.