వించ్‌కి స్టీల్ రోపా, సింథటిక్ రోపా?

వించ్ అంటే బండికి బిగించి, రోప్‌ని చుట్టుకుంటూ దిగబడ్డ బండిని బయటికి లాగే యంత్రం. నల్లరేగడి బురదలో దిగబడే జీపుకైతే సింథటిక్ (ప్లాస్టిక్ పోగులతో అల్లిన) రోపే వేయించండి, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. లాగుతుండగా స్టీల్ రోప్ తెగితే అందులో ఉన్న బిగువంతా ఒక్కసారి విడుదలై వెనక్కి కొడుతుంది, ఆ దారిలో మనిషి ఉంటే ప్రాణమే పోవచ్చు. సింథటిక్ కూడా వెనక్కి వస్తుంది కానీ బరువు చాలా తక్కువ కాబట్టి దెబ్బ తగ్గుతుంది. ఏది వాడినా రోప్ మీద మందపాటి దుప్పటి వేసి, జనాన్ని దూరంగా పంపాల్సిందే.

స్టీల్ మొండిది. రాళ్లకు రాసుకున్నా, రోజూ ఎండలో ఉన్నా తట్టుకుంటుంది, క్వారీ పనికి అదే నయం. తుప్పు పడుతుంది, మెలికపడితే బలం పోతుంది, తెగిన పోగులు చేతిలో దిగుతాయి కాబట్టి తోలు గ్లౌజులు తప్పనిసరి.

సింథటిక్‌కి రాపిడి, ఎండ, వేడి పడవు. చాలా వించ్‌లలో రోప్ చుట్టుకునే డ్రమ్ లోపలే బ్రేక్ ఉంటుంది, బరువు మీద రోప్ వదులుతూ పోతే డ్రమ్ వేడెక్కి లోపలి చుట్లు దెబ్బతింటాయి. స్టీల్ నుంచి మారేవాళ్లు రోప్ బయటికి వచ్చే చోట గాట్లు పడ్డ పాత రోలర్లు తీసేసి నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ (రోప్‌కి దారి చూపే చట్రం) పెట్టించుకోండి, లేకపోతే కొత్త రోప్ కోసుకుపోతుంది. డ్రమ్ మీద స్టీల్‌కి కనీసం 5 చుట్లు మిగలాలి, సింథటిక్ జారుతుంది కాబట్టి 10 దాకా ఉంచండి.

షాకిల్ (రోప్‌ని, బెల్టును కలిపే U ఆకారపు ఇనుప లంకె) మీద లోడ్ పరిమితి ముద్ర లేకపోతే కొనకండి. చెట్టుకు కట్టి లాగేటప్పుడు దానికి వెడల్పాటి బెల్టే చుట్టాలి, హుక్కును తిప్పి రోప్‌కే తగిలించడం మాత్రం ఎప్పుడూ వద్దు.