రాయచోటి రోడ్డు షెడ్డులో మా ఆటోమేటిక్ కారు

ముందే చెబుతున్నాను, ఈ షెడ్డు చవకైనది కాదు, త్వరగా పని ముగించేదీ కాదు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. బోర్లించిన గ్రీజు డబ్బా మీద అట్టముక్క పరిచి ఇస్తారు. బోర్డు మీద పేరు కూడా లేదు, ‘ఆటోమేటిక్ గేర్ బాక్సు పని చేయబడును’ అని ఎర్రటి అక్షరాలు, అంతే. కడప దాటి రాయచోటి వైపు వెళ్తుంటే ఎడమ పక్కన, పంక్చర్ల కొట్టు వెనక ఉంటుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేక, నాలుగు గేర్ల ఆటోమేటిక్ చిన్న కారు ఒకటి పాతది కొనుక్కున్నాను. 2014లో మారుతీ సెలెరియో కారుతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ రకం కాదిది. ఏఎంటీలో మామూలు క్లచ్చే ఉంటుంది, మన కాలికి బదులు యంత్రం తొక్కుతుంది. నా కారులో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంది. గుమ్మడికాయంత ఉక్కు డొల్ల, లోపల నిండా నూనె. ఇంజను ఒక పంకాను తిప్పితే, ఆ నూనె విసురుకు ఎదుటి పంకా తిరిగి గేర్ బాక్సును నడుపుతుంది.

గేర్ బాక్సు ముందు సీలు, అంటే నూనె బయటికి రాకుండా ఆపే వలయం, కారుతోందని ఏప్రిల్‌లో వేరే ఊళ్లో ఒక చోట ఇచ్చాను. రెండు రోజుల్లో బిగించేశారు. ఇంజను స్టార్ట్ అయింది, కారు మాత్రం కదలలేదు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. కింద ఎవరో రాళ్లు నములుతున్నట్టు చప్పుడు. నూనె తక్కువైందంటూ ఇంకో లీటరు పోశారు. ఆ లీటరుకు డబ్బులు కూడా తీసుకున్నారు. టోయింగ్ బండి మీద కడపకు తెచ్చుకున్నాను.

షెడ్డు పెద్దాయనను అందరూ భాయ్ అనే పిలుస్తారు. నా కథ సగం వినేసరికే “బోల్టులతో లాగి బిగించి ఉంటారు టీచరమ్మా” అన్నారు. విప్పకుండానే తేల్చేయడం నాకు నచ్చలేదు. మూడో రోజు పిలిచి చూపించారు. గేర్ బాక్సు నూనె పంపు లోపలి గేరుకు చెవుల్లా పొడుచుకుని ఉండే రెండు కొనలూ విరిగిపోయి ఉన్నాయి. తెల్ల గుడ్డ మీద పోసిన నూనెలో లోహపు రజను వెండిలా మెరుస్తోంది.

ఈసారి పని కళ్లారా చూద్దామని కన్వర్టర్ బిగించే రోజున పొద్దున్నే వెళ్లి డబ్బా మీద కూర్చున్నాను. నేను చూసిన పని ఇది.

మొదట కన్వర్టర్‌ను నేల మీద పెట్టి అందులో లీటరు దాకా కొత్త నూనె పోశారు. ఇంజను స్టార్ట్ కాగానే పంపు ఎండగా తిరగకూడదట. కన్వర్టర్ మెడను వేలితో తడిమి గాట్లు లేవని చూసుకుని, దానికీ కొత్త సీలుకూ అదే నూనె రాశారు. తర్వాత గేర్ బాక్సును మూతి పైకి వచ్చేట్టు నిలబెట్టి, కన్వర్టర్‌ను రెండు చేతులతో దించి మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. టక్కుమని కొంత దిగింది. ఇంకా తిప్పారు, మళ్లీ టక్కుమంది. పని నేర్చుకుంటున్న కుర్రవాడు “కూర్చుంది భాయ్” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

“కూర్చుంటే కొలత చెబుతుంది, నువ్వు చెప్పకు” అని ఆయన బెల్ హౌసింగ్, అంటే గేర్ బాక్సు గంటలాంటి మూతి, అంచుల మీద అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ మీద బోల్టు పట్టే చోటు దాకా లోతును స్టీలు స్కేలుతో కొలిచారు. ఉండాల్సిన దానికన్నా తక్కువ వచ్చింది. అప్పటిదాకా కుదురుకున్నవి రెండు షాఫ్టుల పళ్లు మాత్రమే. కన్వర్టర్ మెడ మీది గాడుల్లో పంపు చెవులు పడాల్సిన ఆఖరి మెట్టు మిగిలే ఉంది. కొంచెం ఎత్తి, తిప్పి, వదిలితే అప్పుడు పడింది మూడో టక్కు. ఇంచుమించు సెంటీమీటరు దిగింది. మళ్లీ స్కేలు పెట్టి నన్నే చదవమన్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో స్కేలు పట్టుకుని అంత సంతోషపడిన రోజు నాకు గుర్తు లేదు.

నా కారుకు జరిగిన అన్యాయం ఆ సెంటీమీటరులోనే ఉంది. ఆఖరి మెట్టు దిగకుండానే గేర్ బాక్సును ఇంజనుకు ఆనిస్తే మధ్యలో సందు మిగులుతుంది. దాన్ని బోల్టులు బిగించి మూసేస్తే కన్వర్టర్ వెనక్కి నెట్టుకుని పంపు గేరును అణిచేస్తుంది. ఇంజను తిరగగానే చెవులు విరుగుతాయి. పంపు లేకపోతే నూనెకు ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేనిదే ఏ గేరూ పట్టదు. పైన ఎన్ని లీటర్లు పోసినా ఒకటే.

కారు కిందికి తోసేటప్పుడు కన్వర్టర్ ముందుకు జారకుండా బైండింగ్ వైరుతో కట్టి, ఆఖరి క్షణంలో విప్పారు. రెండు ముఖాలూ చేతి బలంతోనే కలిశాయి. చుట్టూ బోల్టులు వేళ్లతో పెట్టాక కన్వర్టర్‌ను తిప్పి చూపించారు, తేలిగ్గా తిరిగింది. ఇంజను వైపు ఉండే ఫ్లెక్స్ ప్లేటు అనే పలుచటి ఉక్కు పళ్లేనికీ దానికీ మధ్య రెండు రూపాయి నాణేలు పట్టేంత సందు ఉంది. దాన్ని ముందుకు లాక్కుని బోల్టులు వేస్తే ఆ సందు మూసుకుంటుంది, పంపు మీద బరువు పడదు. ఆ బోల్టులు పాతవే వాడారు, పొడవు ఎక్కువైనవి వేస్తే కన్వర్టర్ పళ్లెం లోపలికి సొట్టపోతుందట.

ఇక డబ్బుల సంగతి. కూలి 12,000, చెన్నై నుంచి తెప్పించిన రీబిల్ట్ (విప్పి బాగుచేసిన) కన్వర్టర్ 18,000, పంపు 9,500, నూనె, సీళ్లు కలిపి 6,300. పాత కన్వర్టరే కడిగి వాడకూడదా అని బేరం పెట్టాను. లోపల చేరిన రజను కడిగినా పూర్తిగా పోదని, మళ్లీ కొత్త పంపునే తింటుందని ఒప్పుకోలేదు. నూనె చల్లబరిచే గొట్టాలను మాత్రం కడిగి గాలి కొట్టారు. చీటీలో మొత్తం 46,800 అని రాశారు. నేను కూడితే 45,800 వచ్చింది. నవ్వుతూ కొట్టేసి దిద్దారు. తప్పు మనసులో లేదు, కూడికలోనే ఉంది. అయినా చీటీ కూడి చూసుకుని ఇవ్వండి.

తొమ్మిది రోజులు పట్టింది, అందులో ఐదు రోజులు చెన్నై పార్శిలు కోసమే. ఫోను చేస్తే ఎత్తరు, సాయంత్రం ఆయనే చేస్తారు. ఈ రెండింటికీ నేను మార్కులు తగ్గిస్తున్నాను.

కారు తీసుకున్న మర్నాడే గువ్వలచెరువు ఘాట్ ఎక్కించాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, ముందు సిమెంటు లారీ. గేరు జారలేదు, కుదుపు లేదు. పైన పాలకోవా కట్టించుకుని, బండి సమంగా ఉన్న చోట ఇంజను ఆపకుండానే నూనె పుల్ల తీసి చూశాను, గీతల మధ్యనే ఉంది, మాడిన వాసన లేదు. దిగేటప్పుడు మాత్రం అడుగు రేకు గలగలలాడింది, రెండు స్క్రూలు బిగించడం మరిచారు. కోవా పొట్లం ఒకటి తీసుకుని షెడ్డుకు వెళ్తే కుర్రవాడు కిందకు దూరి పది నిమిషాల్లో బిగించాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడు దాకా మూసి ఉంటుంది, ఆ లోపు వెళ్లకండి.