రోడ్డు మీద చావుకు ప్రభుత్వం జవాబు చెప్పాలంటే: కోర్టా, టార్గెట్టా, దర్యాప్తా?

ఒకే మలుపు దగ్గర మూడో మనిషి చనిపోయాడనుకోండి. మూడు పోలీసు రిపోర్టులూ తీసి చూస్తే కారణం ఒకటే రాసి ఉంటుంది: డ్రైవర్ అతివేగం, అజాగ్రత్త. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ముగ్గురు వేర్వేరు డ్రైవర్లు వేర్వేరు రోజుల్లో సరిగ్గా అక్కడే ఎందుకు అజాగ్రత్తగా ఉన్నారు? ఆ ప్రశ్న రిపోర్టులో ఉండదు. మలుపును అలా గీసిన ఇంజినీరు, అక్కడ లైట్లకు డబ్బివ్వని శాఖ, ఆ దారిలో రాత్రి బస్సును ఎత్తేసిన అధికారి, వీళ్లెవరూ ఆ కాగితం మీద కనిపించరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం ఇదే. ఇంత నష్టానికి ప్రభుత్వాల చేత జవాబు చెప్పించడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. కోర్టుకు లాగి పరిహారమో జరిమానానో కట్టించడం ఒకటి. మరణాల సంఖ్యకు టార్గెట్ పెట్టి, ఏటా అందరి ముందు లెక్క చెప్పించడం రెండోది. ప్రతి మరణం మీదా స్వతంత్ర దర్యాప్తు జరిపించి, దాని సిఫార్సులకు గడువులోగా రాతపూర్వకంగా జవాబు అడగడం మూడోది.

నా మొగ్గు మూడోదానివైపే. అలాగని మిగతా రెండూ పనికిరావని కాదు.

కోర్టు నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి మొదట తట్టేది అదే. 2004లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, గెరిట్సన్ అవెన్యూ మీద సైకిల్ తొక్కుతున్న 12 ఏళ్ల పిల్లవాడిని కారు గుద్దింది. గంటకు 30 మైళ్ల పరిమితి ఉన్నచోట ఆ కారు కనీసం 54 మైళ్ల వేగంతో వచ్చింది. ఆ రోడ్డు మీద బండ్లు దూసుకుపోతున్నాయని స్థానికులు అంతకుముందే నగర యంత్రాంగానికి మొరపెట్టుకున్నారు. యంత్రాంగం విషయాన్ని పోలీసుల మీదికి తోసి ఊరుకుంది. రోడ్డు ఆకారం మారిస్తే వేగం తగ్గుతుందా అని మాత్రం పరిశీలించలేదు. జ్యూరీ డ్రైవర్‌ను తప్పుపట్టింది, దాంతోపాటు నగరం మీద 40 శాతం బాధ్యత వేసింది. రాష్ట్రంలోని అత్యున్నత న్యాయస్థానం 2016 డిసెంబరులో ఆ తీర్పును ఖాయం చేసింది.

ఈ తీర్పులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడి చట్టం ప్రకారం, సమస్యను సరిగ్గా పరిశీలించి సబబైన నిర్ణయం తీసుకున్న ప్రభుత్వానికి రక్షణ ఉంటుంది. అసలు పరిశీలించకపోవడమే ఇక్కడ నేరమైంది. అంటే తెలుసుకోవాల్సిన బాధ్యతను కోర్టు ప్రభుత్వం నెత్తిన పెట్టింది.

ఇప్పుడు దీని పక్కన బ్రిటన్ కేసును పెట్టి చూడండి. ఒక కూడలిలో మట్టిగట్టు అడ్డుగా ఉండి, వచ్చే బండి కనిపించేది కాదు. అక్కడ ప్రమాదాలు జరిగాయని స్థానిక ప్రభుత్వమైన కౌంటీ కౌన్సిల్‌కు తెలుసు. గట్టు తీయించాలని అనుకుంది కూడా, కానీ పని ముందుకు సాగలేదు. ఒక మోటార్‌సైకిలిస్టు తీవ్రంగా గాయపడ్డాడు. 1996లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు, కౌన్సిల్ పరిహారం ఇవ్వనక్కర్లేదన్నారు. మొదటి కేసులో ప్రభుత్వం తెలుసుకోలేదు, రెండో కేసులో తెలిసీ చేయలేదు. బాధ్యత పడింది తెలుసుకోని ప్రభుత్వం మీద. తెలిసీ చేయనిది తప్పించుకుంది. ఏ దేశంలో, ఏ న్యాయమూర్తుల ముందు నిలబడ్డాం అన్నదాన్ని బట్టి ఫలితం ఇంతలా మారిపోతుంటే, రోడ్డు శాఖలో ఫైలు చూసే మనిషి దాన్నుంచి ఏం నేర్చుకుంటాడు?

భారతదేశం 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఎ సెక్షన్ తెచ్చింది. నిర్దేశించిన ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా, డిజైన్ చేసినవాళ్లకూ కట్టినవాళ్లకూ నిర్వహించేవాళ్లకూ జరిమానా వేయొచ్చు. డ్రైవర్ ఒక్కడే దోషి కాడని చట్టం ఒప్పుకోవడం పెద్ద మాట. కానీ ఆ జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. కోట్లలో నడిచే కాంట్రాక్టులో ఆ మొత్తం ఎవరికీ టెన్షన్ పెట్టదు.

కోర్టు దారిలో జరిమానా తక్కువ కావడం కంటే పెద్ద చిక్కు, ఆలస్యం. న్యూయార్క్ పిల్లవాడి కేసు ఖాయమయ్యేసరికి 12 ఏళ్లు పట్టింది. రెండో చిక్కు ఇంకా లోతైనది. కోర్టు వెతికేది దోషిని. కాబట్టి కేసు పడుతుందని తెలియగానే ఆఫీసులో ప్రతి ఒక్కరూ తమ కాగితాలు సర్దుకుంటారు. ‘ఈ మలుపు మేమే తప్పుగా గీశాం’ అని ఒప్పుకునే ఇంజినీరు తన ఉద్యోగానికి తనే ఎసరు పెట్టుకున్నట్టు. ఆ ఒప్పుకోలు బయటికి రాకపోతే, అదే డిజైన్ ఇంకో పది చోట్ల ఉందన్న సంగతీ బయటికి రాదు.

టార్గెట్ల విషయంలో బ్రిటన్ అనుభవమే బాగా నేర్పుతుంది. 2000లో అక్కడి ప్రభుత్వం, 2010కల్లా మరణాలూ తీవ్ర గాయాలూ కలిపి 1994-98 సగటు కంటే 40 శాతం తగ్గిస్తామని మాటిచ్చింది, నిలబెట్టుకుంది. గ్రేట్ బ్రిటన్‌లో 2000లో 3,409గా ఉన్న రోడ్డు మరణాలు 2010కి 1,850కి తగ్గాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం జాతీయ టార్గెట్లను వదిలేసింది. 2019లో మరణాలు 1,752. అంటే మొదటి పదేళ్లలో 1,559 తగ్గితే, తర్వాతి తొమ్మిదేళ్లలో తగ్గింది 98. ఇదంతా టార్గెట్ తీసేయడం వల్లే అనను. 2008 తర్వాతి ఆర్థిక మాంద్యంలో తిరిగే బండ్లు తగ్గి 2010 సంఖ్య మరీ కిందికి దిగింది. స్పీడ్ కెమెరాలకు కేంద్రం ఇచ్చే డబ్బు కూడా అప్పుడే ఆగిపోయింది. అయినా టార్గెట్ ఉండి ఉంటే, సంఖ్య కదలని ప్రతి ఏడూ మంత్రి లేచి నిలబడి ఎందుకో చెప్పాల్సి వచ్చేది. ఆ నిలబడే అవసరమే పోయింది.

అయితే సంఖ్య చెప్పడానికి నోరు చాలు. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో రోడ్డు మరణాలను 2020కల్లా సగానికి తగ్గించాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. 2010 నుంచి 2021 వరకు చూసినా తగ్గింది దాదాపు 5 శాతమే. ఎవరు జవాబు చెప్పారు? గడువును 2030కి జరిపారు, అంతే. అందరిదీ అయిన టార్గెట్ ఎవరిదీ కాకుండా పోయింది.

స్వీడన్ కూడా మొదట్లో ఇలాగే తప్పింది. 1997లో అక్కడి పార్లమెంటు ‘విజన్ జీరో’ను ఆమోదించింది: రోడ్డు మీద ఒక్క మరణాన్నీ మామూలేనని సరిపెట్టుకోకూడదని. ఏటా 540 దాకా ఉన్న మరణాలను 2007కల్లా సగం చేయాలనుకున్నారు. ఆ ఏడాది 471 మంది చనిపోయారు. తేడా ఎక్కడంటే, వాళ్లు గడువు జరిపి ఊరుకోలేదు, టార్గెట్‌ను ముక్కలు చేశారు. ఎంత శాతం బండ్లు పరిమితి లోపు వేగంతో నడుస్తున్నాయి, ఎంతమంది బెల్టు పెట్టుకుంటున్నారు, ఎంతమంది తాగకుండా నడుపుతున్నారు, ఎదురెదురు ట్రాఫిక్ మధ్య బారియర్ ఎంత మేర ఉంది, ఇలా విడివిడిగా కొలిచి ఏటా బయటపెట్టడం మొదలుపెట్టారు. బారియర్ పడకపోతే అది డ్రైవర్ తప్పని ఎవరూ అనలేరు. అప్పటికే వాళ్లు 13 మీటర్ల వెడల్పున్న మామూలు రోడ్లను మూడు లేన్లుగా మార్చి, మధ్యలో తీగల బారియర్ వేస్తూ వస్తున్నారు. ఓవర్‌టేక్ చేసే అవకాశం ఒక వైపు కొంతదూరం, ఇంకో వైపు కొంతదూరం ఉంటుంది. ఎదురెదురుగా గుద్దుకుని చనిపోవడం ఆ రోడ్ల మీద దాదాపు లేకుండా పోయింది. 2019లో స్వీడన్ మొత్తంలో రోడ్డు మరణాలు 221.

కాబట్టి టార్గెట్ పనిచేస్తుంది, ఫలానా పని ఫలానా శాఖదని తేలేదాకా దాన్ని విడగొడితే. మరి ఏ పనులుగా విడగొట్టాలో ఎలా తెలుస్తుంది? అక్కడే దర్యాప్తు కావాలి.

ఫిన్లాండ్ 1968 నుంచి ఈ దారిలో ఉంది. ప్రాణాలు పోయిన ప్రతి రోడ్డు ప్రమాదం దగ్గరికీ ఒక బృందం వెళుతుంది. అందులో పోలీసు, వాహన నిపుణుడు, రోడ్డు ఇంజినీరు, డాక్టరు, మనస్తత్వ నిపుణుడు ఉంటారు. ఎవరిది నేరం, ఎవరు పరిహారం కట్టాలి అన్నది వాళ్ల పని కాదు. ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి, ఇవే రెండు ప్రశ్నలు. దోషిని వెతకని బృందం ముందు మనుషులు కొంచెం నోరు విప్పుతారు. కోర్టు గదిలో ఆ మాట పెగలదు.

విమానం కూలితే ఇలా చేయడం ప్రపంచమంతా మామూలే. రైలుకూ అంతే. 1999లో లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో రెండు రైళ్లు ఢీకొని 31 మంది చనిపోతే బహిరంగ విచారణ జరిగింది. దాని సిఫార్సుతో రైలు ప్రమాదాల దర్యాప్తుకే ఒక స్వతంత్ర శాఖ ఏర్పడి, 2005లో పని మొదలుపెట్టింది. అదే 1999లో అదే దేశపు రోడ్ల మీద మూడు వేల నాలుగు వందల మందికి పైగా పోయారు, ఒక్కొక్కరుగా, విడివిడిగా. వాళ్ల కోసం అప్పుడు అలాంటి శాఖ రాలేదు. ఒకేసారి పోయినవాళ్లకు ఒక న్యాయం, విడివిడిగా పోయినవాళ్లకు ఇంకో న్యాయమా అని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

దర్యాప్తు దారికీ బలహీనత ఉంది: సిఫార్సుకు పళ్లుండవు. అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే జాతీయ రవాణా భద్రతా బోర్డుకు ఎవరినీ శాసించే అధికారం లేదు. కానీ అది చేసిన సిఫార్సుకు రవాణా శాఖ 90 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అసహజ మరణాలను విచారించే కరోనర్ కూడా, ఇంకొకరు ఇలాగే చనిపోయే ప్రమాదం ఉందనిపిస్తే సంబంధిత సంస్థకు రిపోర్టు పంపాలి. ఆ సంస్థ 56 రోజుల్లో ఏం చేస్తుందో చెప్పాలి, చేయకపోతే ఎందుకు చేయదో చెప్పాలి. ‘చేయం’ అని రాసినా శిక్ష లేదు. నిజమే. అయినా ఆ ‘చేయం’ అన్న మాట ఒక సంస్థ పేరుతో, ఒక తేదీతో కాగితం మీదికి రావడం చిన్న సంగతి కాదు. రేపు అదే చోట ఇంకొకరు చనిపోతే, కోర్టుకు వెళ్లే కుటుంబం చేతిలో ఉండేది ఆ కాగితమే. మట్టిగట్టు కేసులో అలా ‘ఎందుకు చేయలేదు’ అని గడువు పెట్టి అడిగేవాళ్లు ఉండి ఉంటే, వ్యవహారం పరిహారం దాకా వచ్చేదే కాదేమో.

ఇక ఈ మూడింటినీ బస్సు ముందు పెట్టి చూద్దాం. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. ఒక మనిషి ఒక కిలోమీటరు వెళ్లడానికి లెక్కేస్తే, బస్సు కారు కంటే చాలా రెట్లు సురక్షితం. మోటార్‌సైకిల్‌తో అయితే పోలికే లేదు. రాత్రి తొమ్మిది తర్వాత బస్సు ఎత్తేస్తే, డ్యూటీ దిగిన మనిషి టూవీలర్ మీద ఇంటికి పోతాడు. నిద్ర కళ్లతో, చీకట్లో. అతను చనిపోతే అది రోడ్డు ప్రమాదాల లెక్కలోకి వెళుతుంది. బస్సు రద్దు ఖర్చు తగ్గింపు లెక్కలోకి వెళుతుంది. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవవు.

కోర్టు వీటిని కలపలేదు. బస్సు నడపాలా వద్దా అన్నది విధాన నిర్ణయం, దానిలో తలదూర్చడానికి న్యాయస్థానాలు వెనకాడతాయి. ఆ రద్దువల్లే ఈ మనిషి చనిపోయాడని రుజువు చేయడమూ దాదాపు అసాధ్యం. టార్గెట్‌లో ఆ మరణం ఒక అంకెగా చేరుతుంది, కానీ ఆ అంకెకు బస్సుల శాఖ జవాబుదారీ కాదు. దర్యాప్తు బృందం ఒక్కటే ఈ ప్రశ్న అడగగలదు: ఈ మనిషి ఈ వేళలో, ఈ రోడ్డు మీద, ఈ బండి మీద ఎందుకున్నాడు? వేరే దారి ఉండి వద్దనుకున్నాడా, అసలు లేదా? బృందం నింపే ఫారంలో ఈ ప్రశ్న కచ్చితంగా ఉండాలి. లేకపోతే వాళ్లు కూడా టైరు గుర్తులు కొలిచి వెళ్లిపోతారు.

రెండు లెక్కలనూ ముందే కలిపి చూసిన నగరం ఒకటుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో రద్దీ రుసుము, అంటే నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే బండ్ల నుంచి వసూలు చేసే డబ్బు, పెట్టాలనుకున్నప్పుడు, 2005 ఆగస్టులో ముందు అదనపు బస్సులు దించారు. 2006 జనవరి నుంచి ఏడు నెలలు రుసుమును ప్రయోగంగా వసూలు చేసి, ట్రాఫిక్ ఎంత తగ్గిందో కొలిచి బయటపెట్టి, సెప్టెంబరులో జనం ఓటు అడిగారు. 2007లో అది శాశ్వతమైంది. కార్లవాళ్ల మీద భారం వేసేముందు వేరే దారి చూపించి, ఫలితం చూపించి, అప్పుడు అడిగారు.

ఫిన్లాండ్ చిన్న దేశం, ఏడాదికి కొన్ని వందల మరణాలే, లక్షల్లో చనిపోయే చోట ప్రతి కేసుకూ బృందం ఎక్కడి నుంచి వస్తుంది అంటారు. సరైన ప్రశ్నే. అన్నిటితో మొదలుపెట్టక్కర్లేదు. నడిచి వెళుతూ చనిపోయిన పిల్లలతో మొదలుపెట్టొచ్చు, లేదా మూడేళ్లలో ఒకే చోట జరిగిన మూడో మరణంతో. బృందాన్ని మాత్రం రోడ్లు వేసే శాఖ కింద పెట్టకూడదు. రిపోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి ముందు అందాలి, తర్వాత అందరికీ కనిపించాలి. దాని పక్కనే శాఖ ఇచ్చిన జవాబు, ఇవ్వకపోతే ఖాళీ గడి, దాటిపోయిన గడువు తేదీ.