బూట్-రిపేర్ రివ్యూ: అప్‌గ్రేడ్ తర్వాత ఉబుంటు లేవకపోతే ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ఉబుంటుని (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కి అప్‌గ్రేడ్ చేశాక సిస్టమ్ లేవలేదంటే చాలామంది ముందు చెప్పే పేరు బూట్-రిపేర్. ఉచితం, నమ్మకంగా వాడొచ్చు. కానీ ఇది ప్రధానంగా బాగుచేసేది బూట్‌లోడర్‌ని, అంటే ఆన్ చేయగానే ఉబుంటుని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ని. అందుకే దీన్ని నడిపే ముందు బూటింగ్ ఎక్కడ ఆగిందో చూడండి.

నల్ల స్క్రీన్ మీద 'గ్రబ్ రెస్క్యూ' ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే ఇది సరిగ్గా ఈ టూల్ పనే. 2020 జులైలో గ్రబ్‌లోని బూట్‌హోల్ అనే లోపానికి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు ఎన్నో సిస్టమ్‌లు 'గ్రబ్_కాలాక్ నాట్ ఫౌండ్' అంటూ ఆగిపోయాయి. గ్రబ్ మాడ్యూళ్లు (విడి భాగాలు) కొత్తవయ్యాయి, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ముందుగా చదివే డిస్కు మొదట్లో మాత్రం పాత గ్రబ్బే ఉండిపోయింది. రెండు డిస్కులున్న చోట ఇలాంటిది ఎప్పుడైనా జరగొచ్చు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో గ్రబ్ లొకేషన్ ట్యాబ్‌కి వెళ్లి సరైన డిస్కు ఎంచుకుంటే చాలు.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసి, 'ట్రై ఉబుంటు'తో లోపలికి వెళ్లండి. బూట్-రిపేర్ ఉబుంటు సొంత రిపాజిటరీలో (సాఫ్ట్‌వేర్ భండారంలో) లేదు, పీపీఏ అనే బయటి భండారం కలిపి ఇన్‌స్టాల్ చేయాలి కాబట్టి నెట్ తప్పనిసరి. మీ సిస్టమ్ యూఈఎఫ్ఐలో (బయోస్‌కి బదులు వచ్చిన కొత్త పద్ధతి) ఉంటే పెన్‌డ్రైవ్‌ని కూడా యూఈఎఫ్ఐ మోడ్‌లోనే బూట్ చేయండి. చాలామంది తప్పేది ఇక్కడే.

రికమెండెడ్ రిపేర్ నొక్కేముందు బూట్-ఇన్ఫో సమ్మరీ తీయండి. అది డిస్కులో ఏమీ మార్చదు. ఏ పార్టిషన్‌లో ఏముందో, ఈఎఫ్ఐ ఫైళ్లు (యూఈఎఫ్ఐ బూట్‌కి వాడే ఫైళ్లు) ఎక్కడున్నాయో పూసగుచ్చినట్టు చూపిస్తుంది. ఈ టూల్ మొత్తంలో మెచ్చుకోవాల్సింది ఈ రిపోర్టునే. దాన్ని నెట్‌లో పెట్టాలా అని అడిగితే, ఎవరి సాయమూ అవసరం లేనప్పుడు వద్దనండి. విండోస్ ఈఎఫ్ఐ ఫైళ్ల పేర్లు మార్చే ఆప్షన్‌కి టిక్ కనిపిస్తే తీసేయండి, లేకపోతే విండోస్ కూడా చిక్కుల్లో పడుతుంది.

గ్రబ్ మెనూ వచ్చాక 'కెర్నెల్ పానిక్... అన్‌నోన్ బ్లాక్' అని (కెర్నెల్ అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఆగితే మాత్రం బూట్-రిపేర్‌తో కుస్తీ వద్దు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకి బూట్ పార్టిషన్ విడిగా ఉంటుంది. పాత కెర్నెళ్లతో అది నిండిపోతే కొత్త కెర్నెల్‌కి మొదట్లో కావాల్సిన ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే ఫైలు తయారవదు, కెర్నెల్‌కి రూట్ పార్టిషన్ (ఉబుంటు ఉన్న భాగం) దొరకదు. ఆన్ చేయగానే ఎస్కేప్ (పాత బయోస్ అయితే షిఫ్ట్) నొక్కి, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నెల్‌తో లోపలికి వెళ్లండి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఉంచి మిగతా పాత కెర్నెళ్లు తీసేయండి. సగంలో ఆగిన ప్యాకేజీలను డీపీకేజీ (dpkg) అనే ప్యాకేజీ టూల్‌తో పూర్తి చేసి, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ని మళ్లీ తయారు చేయండి.

లోగో తర్వాత స్క్రీన్ నల్లబడితే అనుమానం ఎన్విడియా డ్రైవర్ మీద. గ్రబ్‌లో 'ఇ' (e) నొక్కి, లినక్స్ (linux) అని మొదలయ్యే లైన్ చివర 'నోమోడ్‌సెట్' (nomodeset) చేర్చి ఎఫ్10 నొక్కండి. లోపలికి వెళ్లాక డ్రైవర్ మళ్లీ వేయండి.

2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యూయల్ బూట్ (విండోస్, ఉబుంటు రెండూ ఉన్న) సిస్టమ్‌లలో కనిపించిన 'షిమ్ ఎస్‌బ్యాట్' ఎర్రర్‌కి పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ బూట్‌లోడర్‌నే నడవనిచ్చే యూఈఎఫ్ఐ సెట్టింగ్) ఆపి, ఉబుంటులో అప్‌డేట్లన్నీ వేసి, తిరిగి ఆన్ చేయండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకున్నాకే సెక్యూర్ బూట్ జోలికి వెళ్లండి.