ఇల్లరికం వెళ్ళిన కాల్‌సైన్: బెజవాడ, గుంటూరుల్లో పన్నెండు రోజులు

బెజవాడలో హోటల్లో దిగితే ఎవరైనా ముందు బాత్రూమ్ చూస్తారు, ఏసీ చూస్తారు. నేను డాబా తాళంచెవి ఎవరి దగ్గరుందని అడుగుతాను. హామ్ రేడియో, అంటే సరదాకి సొంత సెట్టుతో దేశదేశాల వాళ్ళతో గాలిలో మాట్లాడే పిచ్చి, ఉన్నవాడి లెక్కలు వేరు. ఈ సంక్రాంతికి డల్లాస్ నుంచి పన్నెండు రోజుల సెలవు మీద వచ్చాను. వెంట మా అక్క కొడుకు, పదహారేళ్ళవాడు. వాడు పుట్టింది అక్కడే. ఈమధ్యే అమెరికాలో హామ్‌లకి మొదటి మెట్టయిన టెక్నీషియన్ లైసెన్సు తెచ్చుకున్నాడు కాబట్టి నాకన్నా వాడికే దురద ఎక్కువ.

ఈసారి నాకో పని ఉంది. హామ్‌కి లైసెన్సుతో పాటు వచ్చే గుర్తింపు పేరు కాల్‌సైన్, నా ఇండియా కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. ఆ పేరుతో ఎవరెవరితో మాట్లాడానో రాసుకునే లాగ్‌లో, ఎదుటివాళ్ళ లాగ్‌తో జత కలిసి ధ్రువీకరణ అయిన దేశాలు 91 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వంద అయితే డీఎక్స్‌సీసీ అనే అవార్డు వస్తుంది. "టెక్సస్‌లో నువ్వు చేసినవన్నీ కలిపితే ఎప్పుడో వంద దాటాయిగా మావయ్యా?" అని విమానంలో వాడి ప్రశ్న. అలా కలపడం కుదరదు. ఆ అవార్డుకి అన్ని కాంటాక్టులూ ఒకే దేశపు నేల మీద నుంచి చేసినవై ఉండాలి. అమెరికాలో పట్టింది అమెరికా ఖాతాకి, ఇండియాలో పట్టింది ఇండియా ఖాతాకి. మనిషి ఒక్కడే అయినా సరే.

నా లాగ్‌లో నిజానికి ముగ్గురు మనుషులున్నారు. మొదటివాడు వీయూ2, గుంటూరులో చదువుకునే రోజుల్లో పుట్టినవాడు. రెండోవాడు నేను అమెరికా వెళ్ళిన కొత్తలో తయారయ్యాడు. భారత పౌరుడికి భారత లైసెన్సు ఉంటే, రెండు దేశాల ఒప్పందం కింద అక్కడ పరీక్ష రాయకుండానే రేడియో వాడుకోవచ్చు. కాకపోతే నువ్వున్న ప్రాంతపు అక్షరం, అంకె కాల్‌సైన్‌కి ముందు తగిలించాలి. టెక్సస్ ఐదో మండలం, అందుకని డబ్ల్యూ5 స్లాష్ వీయూ2 అయ్యాను. ప్రతి సంభాషణలో ఒక్కసారైనా ఏ ఊరు, ఏ రాష్ట్రం నుంచో కూడా చెప్పాలి. మన తెలుగువాళ్ళకి ఇది వింతేం కాదు, ఇంటిపేరు ముందు, పేరు తరవాత. ఇల్లరికం వెళ్ళిన అల్లుడి పేరు ముందు అత్తవారి ఇంటిపేరు పెట్టినట్టు అనుకుంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. తరవాత అక్కడి పరీక్ష రాసి, కే అక్షరంతో మొదలయ్యే సొంత కాల్‌సైన్ తెచ్చుకున్నాను, వాడు మూడోవాడు. అమెరికాలో రేడియో లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ లైసెన్సు చేతికొచ్చాక ఆ ఒప్పందం వర్తించదు కాబట్టి రెండోవాడు ఆ రోజుతో పోయాడు. లాగ్‌లో మాత్రం బతికే ఉన్నాడు.

సెట్టు అమెరికా నుంచి మోసుకురాలేదు. ట్రాన్స్‌మిటర్‌తో ఎయిర్‌పోర్టులో దిగి కస్టమ్స్ వాళ్ళకి హామ్ రేడియో అంటే ఏమిటో చెప్పే ఓపిక నాకు లేదు. నా పాత సెట్టు గుంటూరు బ్రాడీపేటలో పిన్ని ఇంట్లో బీరువా మీద దుప్పటి కప్పుకుని ఉంటుంది. ముందు అక్కడికి వెళ్ళి దాన్నీ, లైసెన్సు కాపీలనీ, ఇంటి బయట వాడుకోవడానికి ముందే తెప్పించుకున్న కాగితాల్నీ సంచీలో వేసుకుని బెజవాడ బస్సెక్కాం. గుంటూరు, బెజవాడ మధ్య నాన్‌స్టాప్ బస్సుల గురించి ఫిర్యాదేమీ లేదు. ఒకటి వెళ్ళిపోతే ఇంకోటి నిలబడి ఉంటుంది, నెహ్రూ బస్టాండులో దిగితే ఆటో కోసం వెతుక్కోనక్కర్లేదు. గంట ప్రయాణం.

మొదటి రెండు రాత్రులు బందరు రోడ్డు మీద ఒక హోటల్లో. పేరు అనవసరం. మంచం బాగుంది, వేడినీళ్ళు బాగున్నాయి, పొద్దున పెసరట్టు ఇంకా బాగుంది. రేడియోకి మాత్రం నరకం. డాబా మీద ఇరవై మీటర్ల తీగ కట్టి సెట్టు ఆన్ చేస్తే వినపడేదాని బలం చూపే మీటరు ముల్లు, ఎవరూ మాట్లాడకపోయినా, ఎస్9 అనే పెద్ద అంకె దగ్గర కూర్చుని దిగనంటుంది. ఎదురుగా ఎల్‌ఈడీ హోర్డింగు, పక్కన లిఫ్ట్ మోటారు, కింద వరసగా ఇన్వర్టర్ ఏసీలు. ఆ రొదలో యూరప్ వాళ్ళలో గట్టి గొంతులు తప్ప ఇంకేమీ వినపడవు. రెండో రోజు రాత్రి మేనేజరు పైకొచ్చాడు. "సార్, ఏమీ అనుకోకండి, నాలుగో ఫ్లోర్లో టీవీ గీతలు గీతలుగా వస్తోందంట. మీరేమన్నా చేస్తున్నారా?" చేస్తున్నానని ఒప్పుకున్నాను. అతను నవ్వి, "పదకొండు దాటాక చేసుకోండి సార్, సీరియళ్ళు అయిపోతాయి" అన్నాడు. నిద్రకి నాలుగు నక్షత్రాలు, రేడియోకి సున్నా, మేనేజరుకి మాత్రం ఐదు.

అసలు పొరపాటు అక్కడ జరిగింది. లాప్‌టాప్ డల్లాస్ నుంచి వచ్చింది, లాగ్ సాఫ్ట్‌వేర్లో స్టేషన్ కాల్‌సైన్ అనే గడిలో నా అమెరికా పేరే ఉంది. గాలిలో వీయూ2 అని అరుస్తున్నాను, పుస్తకంలో కే అని ఎక్కుతోంది. రెండు రాత్రుల 37 కాంటాక్టులూ అలాగే డిజిటల్ సంతకం పెట్టి, రెండు వైపుల లాగ్‌లూ జత కలిపి ధ్రువీకరించే లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ అనే ఇంటర్నెట్ సేవకి పంపేశాను. అక్కడ ప్రతి కాల్‌సైన్‌కీ వేరే సర్టిఫికెట్, అది ఏ దేశానిదో దాన్లోనే ఉంటుంది. దాంతో ఆ రెండు రాత్రులూ నేను టెక్సస్‌లో ఉన్నట్టు నమోదయింది. ఎదుటివాళ్ళు రాసుకున్నది వీయూ2, కాబట్టి ఒక్కటీ జత కలవదు. పొద్దున టిఫిన్ దగ్గర మేనల్లుడు స్క్రీన్ చూసి, "మావయ్యా, నువ్విక్కడ లేవు" అన్నాడు. ఫైలు తెరిచి ఆ గడి మార్చి, వీయూ2 సర్టిఫికెట్‌తో మళ్ళీ పంపితే దారికొచ్చింది. కానీ ఒకసారి ఎక్కించినవి తీసెయ్యడం ఉండదు. బందరు రోడ్డు నుంచి మాట్లాడిన 37 మందితో నేను టెక్సస్ నుంచి మాట్లాడినట్టు ఆ తప్పుడు సాక్ష్యం అక్కడ అలా పడి ఉండాల్సిందే.

మూడో రోజు కృష్ణ దాటి తాడేపల్లి వైపు ఒక సర్వీస్ అపార్ట్‌మెంటుకి మారాం. అద్దె దాదాపు సగం. డాబా మీద మేం తప్ప ఎవరూ లేరు, ఒకవైపు అరటి తోటలు, దూరంగా ఉండవల్లి కొండ. రొద ఎస్3కి పడిపోయింది. ఇక్కడి లోటు ఇంటర్నెట్టు. వైఫై పది నిమిషాలకోసారి తెగిపోయి మళ్ళీ ఓటీపీ అడుగుతుంది. మామూలు పనికి ఫరవాలేదు గానీ, మాటల బదులు కంప్యూటర్లే చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకునే ఎఫ్‌టీ8 పద్ధతికి కంప్యూటర్ గడియారం కచ్చితంగా ఉండాలి. పదిహేను సెకన్ల వంతులు అవి, ఒకటి రెండు సెకన్లు తేడా వస్తే ఎదుటివాడికి మనం లేనట్టే. చివరికి ఫోన్ హాట్‌స్పాట్‌తో గడియారం సరిచేసుకున్నాం. మాటల్లో వాడు, "డబ్ల్యూ5 స్లాష్ రోజుల్లో ఎఫ్‌టీ8 చేసేవాడివా?" అన్నాడు. చేసేవాణ్ణి, తిట్టుకుంటూ. అంత పొడుగు పేరుకి ఆ సందేశంలో చోటు చాలదు. రెండు పేర్లలో ఒకదాన్ని కుదించి పంపుతుంది, గ్రిడ్, అంటే భూమిని గడులుగా విడగొట్టి మనమున్న గడికి పెట్టిన కోడ్, చెప్పడానికి వీలుండదు. ఇంటిపేరు పొడుగైతే రైల్వే రిజర్వేషన్ ఫారంలో గడులు చాలని బాధే.

అక్కడే వాడు మనసులో ఉన్నది బయటపెట్టాడు. "వీయూ2 స్లాష్ పెట్టి నా కాల్‌సైన్ చెప్తే అయిపోతుందిగా?" అవదు నాన్నా అన్నాను. స్లాష్ పెట్టుకోవడం ఎంతసేపు, దాని వెనక అనుమతి ఉండాలి. యూరప్‌లో చాలా దేశాలు ఒకరి లైసెన్సుని ఒకరు గుర్తించే సెప్ట్ ఏర్పాటు ఒకటుంది, అందులో ఇండియా లేదు. అమెరికా అందులో ఉన్నా టెక్నీషియన్ లైసెన్సుకి ఆ సౌకర్యం లేదు. ఇక్కడ విదేశీ పౌరుడు ఢిల్లీలో రేడియో లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ నుంచి కాగితం తెచ్చుకోవాలి. మాల్దీవులకి సెలవులకెళ్ళే హామ్‌లకి 8క్యూ7తో మొదలయ్యే పేరు ఇస్తారు, అక్కడికెళ్ళినా ముందు దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. వాడు కాసేపు అలిగి, తరవాత పెన్ను తీసుకుని నా లాగ్ చేత్తో రాయడం మొదలుపెట్టాడు. మైక్ ముట్టుకోలేదు.

కొండపల్లి ఒక పూట వెళ్ళాం. కోట బాగుంది, బొమ్మలు కొన్నాం. కానీ ఆ చుట్టుపక్కల హైటెన్షన్ తీగలు ఎక్కువ, చిన్న రేడియోలో చిటపటలు తప్ప ఏమీ లేవు. బెర్మ్ పార్కు, భవానీ ద్వీపం మామూలు యాత్రికుల్లాగే చూశాం. బ్యారేజీ దగ్గర తీగలు కట్టే ఆలోచన కూడా రానివ్వకండి, ఎవరో వచ్చి అడుగుతారు, అడగాలి కూడా.

మళ్ళీ గుంటూరు. పిన్ని ఇంటి డాబా అన్నిటికన్నా మంచి హోటల్ అని వేరే చెప్పాలా? తీగ నిలబెట్టడానికి సరుగుడు బొంగు పక్కింటి పందిరిలోంచి దొరికింది. కేబుల్ కొసన పెట్టే పీఎల్-259 కనెక్టర్లు బెజవాడ గవర్నర్‌పేటలో కొనుక్కొచ్చాను. దుకాణదారు పేరు చెప్పకముందే తీసిచ్చాడు, పాత సీబీ రేడియో సెట్ల కాలం మనిషి. ఇక గాలిపటాలు. సంక్రాంతి వారంలో డాబా మీద తీగ కట్టడమంటే వీధి కుర్రాళ్ళందరికీ శత్రువు కావడమే. మూడు గాలిపటాలు చిక్కుకున్నాయి, మూడోదానితో పాటు నా తీగ కూడా తెగింది. "అన్నా, మీ కేబుల్ కొంచెం దించరా" అని కింద నుంచి కేక. మధ్యాహ్నం వాళ్ళకి, రాత్రి, తెల్లవారుజాము నాకు అని ఒప్పందం కుదిరింది.

భోగి రోజు తెల్లవారుజాము 4.40కి 7 మెగాహెర్ట్‌జ్ మీద మార్టినిక్ వినపడింది. కరీబియన్ దీవి, నాకు ఇండియా నుంచి కొత్త దేశం. కింద భోగిమంట, పిన్ని, "ఒరేయ్, నలుగు పెడతాను, దిగి రండిరా" అని పిలుపు. నాలుగోసారికి జవాబొచ్చింది. నేను గట్టిగా తేదీ చెప్పాను, లాగ్ రాస్తున్న మేనల్లుడు రాసుకోలేదు. "మావయ్యా, యూటీసీలో ఇంకా నిన్నే" అన్నాడు. హామ్‌ల లాగ్‌లన్నీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందు, అంటే ఆ లెక్కలో రాత్రి 23.10, ముందు రోజు. పొద్దున అయిదున్నర లోపు చేసేవన్నీ నిన్నటి లెక్కలోకే పోతాయి. అర గంటకి మించి తేడా వస్తే లాగ్‌లు జత కలవవు, రోజు తేడా అయితే చెప్పేదేముంది. లోకానికి భోగి రాకముందే నేను భోగి కాంటాక్టు చేశానన్నమాట.

చీరాల దగ్గర వాడరేవు చివరి మజిలీ, గుంటూరు నుంచి రైల్లో వెళ్ళాం. బెజవాడ, గుంటూరు రెండూ ఒకే గ్రిడ్ చతురస్రం, ఎన్‌కే06. వాడరేవు 16 డిగ్రీల అక్షాంశానికి దిగువన ఉండటంతో ఎన్‌కే05లో పడుతుంది. దేశం మారదు, వీయూ2 మారదు, కానీ లాగ్‌లో స్టేషన్ లొకేషన్ కొత్తది తయారుచేయాలి. ఈసారి మరిచిపోలేదు. నీళ్ళ పక్కన ఇసకలో నిలువు యాంటెన్నా పాతితే, డాబా మీద పది రోజులు గింజుకున్నది రెండు గంటల్లో వచ్చింది. ఉప్పునీళ్ళ మీదుగా వాలుగా పోయే తరంగానికి నష్టం తక్కువ. సెనెగల్, కేప్ వర్ద్ వరసగా పడ్డాయి. బస చేసిన రిసార్టులో గది చెమ్మ వాసన, చేపల వేపుడు అద్భుతం, కారు బ్యాటరీ అద్దెకి తెచ్చిపెట్టిన కుర్రాడు ఇంకా అద్భుతం. మళ్ళీ వస్తే నేరుగా ఇక్కడికే, బందరు రోడ్డు మీద ఒక్క రాత్రి కూడా వృథా చేయను.

ఇప్పటికి ధ్రువీకరణ అయినవి 98. డల్లాస్ చేరిన రాత్రి లాప్‌టాప్ తెరిస్తే కీబోర్డు పైన చిన్న కాగితం ముక్క అతికించి ఉంది, పెన్నుతో మేనల్లుడి వంకర తెలుగు: "ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నావు?" స్టేషన్ కాల్‌సైన్ గడిలో ఇంకా వీయూ2 ఉంది. మార్చాను.