గోడ వెంట వైర్లకు పీవీసీ కేసింగ్: ఏళ్ల తరబడి వాడిన మీదట

టీవీ, రూటర్, టేబుల్ లైటు వైర్లు గోడ వెంట వేలాడకుండా ఉండేందుకు మా ఇంట్లో జిగురుతో అంటించే క్లిప్పులు, మేకుతో కొట్టే క్లిప్పులు, మూత ఉండే పీవీసీ కేసింగ్ (వైర్లను లోపల పరిచే ప్లాస్టిక్ పట్టీ) వాడుతూ వస్తున్నాము. ఇన్నేళ్ల వాడకం తర్వాత నేను నిస్సంకోచంగా సిఫారసు చేయగలిగింది స్క్రూలతో బిగించిన కేసింగ్ ఒక్కటే.

జిగురు క్లిప్పులు అంటించిన రోజున ఎంతో గట్టిగా కనిపిస్తాయి. కొంతకాలానికి ఊడిపడిన క్లిప్పును తిప్పి చూస్తే, జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. దానికి గోడ రంగు పెచ్చు, ఆ పెచ్చు వెనక తెల్లటి పుట్టీ పొడి అంటుకుని ఉంటాయి. అంటే పట్టు తప్పింది జిగురు కాదు, రంగు. అందుకే సున్నం, డిస్టెంపర్ వేసిన గోడలకు ఇవి పనికిరావు. టైల్స్, అద్దం, వార్నిష్ వేసిన చెక్క మీద మాత్రం, ముందుగా స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, అంటించాక ఒక రోజంతా బరువు వేయకుండా ఉంచితే, బాగా నిలుస్తున్నాయి.

మేకు క్లిప్పులు చౌక, గట్టివి కూడా. అయితే వైరు మందానికి సరిపోయే సైజు తీసుకోవాలి; బిగుతు క్లిప్పు వైరు పైతొడుగును నొక్కేస్తుంది. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా గోడలో వైర్లు పోయి ఉండే అవకాశం ఎక్కువ కనుక, అక్కడ మేకు గానీ డ్రిల్ గానీ దించకూడదు.

ఇక కేసింగ్ సంగతి. గోడకు ఆనే పట్టీని రాల్ ప్లగ్గులు (స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టాలు) వేసి, రెండు అడుగులకు మించని దూరంలో స్క్రూలతో బిగిస్తే ఇక కదలదు. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, కొత్త వైరు చేర్చవలసి వచ్చినప్పుడు మూత తీసి, వైరు పరిచి, మళ్లీ నొక్కితే సరిపోవడం. మూలల్లో పట్టీని నలభై ఐదు డిగ్రీల కోణంలో శ్రద్ధగా కోసి కలిపితే అతుకు దాదాపు కనిపించదు. లోపాలూ లేకపోలేదు: తరచూ తీసి వేసే చోట మూత అంచు అరిగి వదులవుతుంది, ఎండ పడే గోడ మీద తెల్ల పట్టీ పసుపు రంగుకు తిరుగుతుంది.

కేసింగ్‌ను కిక్కిరిసేలా నింపకూడదని గట్టిగా చెబుతాను. కరెంటు పారే వైరు వేడెక్కుతుంది, మూత లోపల ఆ వేడి త్వరగా బయటికి పోదు. మామూలు పీవీసీ వైర్ల తొడుగు సాధారణంగా 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. అందుకని సగానికి పైగా ఖాళీగా ఉండే సైజే కొంటున్నాను. ఇంటర్నెట్ కేబుల్‌కు వేరే పట్టీ వేయించాము. దానిని మూలల్లో మడతపడేలా వంచకుండా, కేబుల్ మందానికి కనీసం నాలుగు రెట్ల వ్యాసార్థంతో తిప్పడం మంచిది.

టీవీ వెనక మిగిలే వైర్లకు నైలాన్ టైల కంటే వెల్క్రో పట్టీలే మేలు, ఎందుకంటే నైలాన్ టైని ప్రతి మార్పుకూ కత్తిరించి పారేయాలి. హీటరు, ఇస్త్రీపెట్టె వంటి ఎక్కువ కరెంటు లాగే వాటి వైరును మాత్రం చుట్టగా చుట్టి కట్టకూడదు, చుట్టలో వేడి పేరుకుపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరును కేసింగ్‌లో దాచి శాశ్వత ఏర్పాటుగా వాడడం కూడా సరికాదు. అంత అవసరం ఉన్న చోట ఎలక్ట్రీషియన్ చేత కొత్త సాకెట్ పెట్టించుకోవాలి.