జగదాంబ దగ్గర మేడ మీది షాపులో ప్లేస్టేషన్‌కి మోడ్‌చిప్: నాలుగు స్టార్లు, ఒకటి కోసేశాను

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. షాపు నడిపే మాస్టారే వద్దన్నారు. "రాసీసావంటే రేపట్నుంచి ఊళ్ళో కుర్రాళ్ళందరూ డబ్బాలు పట్టుకుని వచ్చీస్తారు బాబూ, ఉన్న టీవీ బోర్డులే తెమలట్లేదు నాకు" అన్నారు. విశాఖలో జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ వైపు దిగేటప్పుడు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సినంత ఇరుకు మెట్లెక్కితే వచ్చే షాపు. పాత టీవీలు బాగు చేయించుకున్న ఇళ్ళవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

విషయం ఏంటంటే, మా బాబాయి షిప్పులో పనిచేసే రోజుల్లో లండన్ నుంచి తెచ్చిన మొదటి తరం ప్లేస్టేషన్, టీవీకి పెట్టుకుని ఆడే వీడియో గేము సెట్టు, ఒకటి మా అటక మీద ఉండేది. బూడిద రంగుది, మోడల్ ఎస్‌సీపీహెచ్-5502, అంటే యూరప్ సెట్టు. కిందటేడు న్యూజెర్సీలో ఉన్న మా అక్క అక్కడ పాత సామాన్ల అమ్మకంలో దొరికాయని ఒరిజినల్ డిస్కులు ఓ పదకొండు పంపింది. అవన్నీ అమెరికావి. మన సెట్టులో పెడితే తిరుగుతాయి, ఆగుతాయి, అంతే. డిస్కు లోపలి అంచు దగ్గర ఉండే గాడిలోని వంకరలో నాలుగు అక్షరాల గుర్తు దాచారు: అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ, జపాన్‌కి ఎస్‌సీఈఐ. సెట్టు వెతికే గుర్తు రాకపోతే లోపలికి రానివ్వదు. మోడ్‌చిప్ చేసేదల్లా డిస్కు చదవడం మొదలయ్యే ఆ కొద్ది క్షణాల్లో సరైన అక్షరాలు తనే అందించడం.

చిప్ సంగతి పెద్దగా చెప్పను, అది గొడవ పెట్టలేదు. పీఎస్‌నీ అని ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, దాన్ని ఏటీటైనీ85 అనే ఎనిమిది కాళ్ళ చిప్‌లోకి మా ఆఫీసు కుర్రాడు ఎక్కించి ఇచ్చాడు. పాత చిప్‌లు ఆగకుండా ఆ అక్షరాలు పంపిస్తూనే ఉండేవి, దాంతో తర్వాత వచ్చిన కొన్ని గేములు పసిగట్టి ఆగిపోయేవి. ఇది అవసరమైనప్పుడే పంపి నోరు మూసుకుంటుంది. ఆరు తీగలు: కరెంటు, గ్రౌండ్, నాలుగు సిగ్నల్స్. ఆరే కదా అనుకున్నాను.

నేను చేసిన వెధవ పని ముందు చెప్పుకోవాలి. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు వైర్లు అతికించుకునే రెండు పిన్నుల సోల్డరింగ్ ఐరన్ ఒకటుంది. ఏ తీగ ఎక్కడ అంటించాలో చూపించే బొమ్మ ఇంటర్నెట్‌లో దొరికితే పక్కన పెట్టుకుని, ఆవగింజలో సగం లేని పాడ్ (తీగ అతికించే రాగి చుక్క) మీద ఆ లావుపాటి బిట్ పెట్టాను. లెడ్ (టంకం) కరగలేదు. ఇంకాస్త నొక్కాను. ఇంకాస్త సేపు ఉంచాను. తీగ అతుక్కుందని సంబరపడి చెయ్యి తీసేసరికి తీగతో పాటు పాడ్ కూడా లేచి వచ్చేసింది, కందిపప్పు పొట్టులాగా. కింద ఖాళీ బోర్డు.

అప్పుడైనా బుద్ధి తెచ్చుకుని సరైన చోటికి వెళ్ళాలా, లేదు. సెల్‌ఫోన్లు బాగు చేసే ఒక చోట ఇచ్చాను (ఎక్కడో అడక్కండి), రెండు గంటల్లో చేసి ఇచ్చేశారు, పన్నెండు వందలు. ఇంటికి తెచ్చి పెడితే అమెరికా డిస్కులు సరే, అంతకుముందు ఆడిన యూరప్ డిస్కులు కూడా ఆడటం మానేశాయి. వాళ్ళు ఏం చేశారో తర్వాత మాస్టారు లెన్సు కింద చూపిస్తే తెలిసింది. పాడ్ పోయింది కదా అని తీగని నేరుగా బోర్డు మీది ఐసీ (నల్లటి చిప్) కాలికి అంటించారు, పక్క కాలికి కూడా లెడ్ పాకింది. మిగతా తీగలేమో వేరే బోర్డు బొమ్మ చూసి పెట్టారు. బయట మోడల్ నంబరు చూసుకుని నెట్‌లో బొమ్మ వెతికితే సరిపోదు, లోపల బోర్డు మీద అచ్చేసిన నంబరు చూడాలి. నాది పీయూ-18. వాళ్ళు వాడిన బొమ్మ పీయూ-20ది. పైనుంచి చూస్తే అన్నదమ్ముల్లాగే ఉంటాయి, పాయింట్లు మాత్రం వేరు.

సరే, మాస్టారి దగ్గరికి వద్దాం.

పనికి కూర్చోగానే ఆయన ఐరన్ ముట్టుకోలేదు. ముందు పవర్ బోర్డు ఊడదీసి దూరంగా పెట్టారు, దాంట్లో ఇంటి కరెంటు నేరుగా వస్తుంది, పెద్ద కెపాసిటర్ ప్లగ్గు పీకాక కూడా కాసేపు పట్టుకుని ఉంటుంది అని. తర్వాత పాత తీగలన్నీ తీసేసి, పక్కింటి పిల్లాడికి ముఖం కడిగినట్టు బ్రష్షుతో బోర్డంతా కడిగారు. అక్కడక్కడా పచ్చగా చిలుము. "ఇదేటిది, పైపులకి రాసే పేస్టు వాడీసినట్టున్నారు" అన్నారు. ఆ పేస్టులో యాసిడ్ ఉంటుంది, కడగకుండా వదిలేస్తే రాగిని తినేస్తుంది, పైగా మన ఊరి గాలి సంగతి తెలిసిందే, బీచ్ రోడ్డు పక్క ఇళ్ళల్లో కిటికీ ఊచలే నిలవవు.

ఆ తర్వాత నలభై నిమిషాలు, నేను గడియారం చూశాను, ఆయన చేసింది వెతకడం ఒక్కటే. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి (రెండు సూదుల మధ్య కరెంటుకి దారి ఉంటే కూస్తుంది), ఒక సూది పోయిన పాడ్ తాలూకు ఐసీ కాలు మీద ఆనించి, రెండో సూదితో చుట్టుపక్కలంతా తడుముకుంటూ వెళ్ళారు. ఒక చోట కూసింది, చిన్న వయా, అంటే బోర్డుకి ఇటు నుంచి అటు వెళ్ళే రంధ్రం. ఇంకొంచెం దూరంలో ఇంకోచోట కూసింది, నువ్వుగింజంత రెసిస్టర్, కరెంటుని కాస్త అడ్డుకునే ముక్క. నేను దొరికిందిగా అన్నాను. ఆయన నా వైపు చూడకుండానే మీటరు నాబు ఓమ్స్‌కి, అంటే ఆ అడ్డు ఎంతో కొలిచే చోటికి, తిప్పారు. బీప్ కూసిందని రెండూ ఒకటే తీగ అనుకోకూడదట, మధ్యలో కొన్ని పదుల ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నా కొన్ని మీటర్లు కూస్తాయి. అలా చూస్తే రెసిస్టర్‌కి ఇటు చివర దాదాపు సున్నా, అటు చివర ఇరవై చిల్లర. అంటే ఐసీ వైపున్న చివరే మనది, రెండో చివర పెట్టి ఉంటే మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం.

వయా కన్నా రెసిస్టర్ ఎందుకు అని అడిగాను. వయా అర మిల్లీమీటర్ కూడా ఉండదు, పైన పచ్చ పూత గీకి తీగ పెట్టాలి, తీగ కాస్త లాగితే దాంతో పాటే లేస్తుంది. రెసిస్టర్ చివరలో అప్పటికే లెడ్ ఉంది, కింద పాడ్ దానికంటే వెడల్పు, రెండో వైపు కూడా అతికి ఉంది కాబట్టి పట్టు ఉంటుంది. ఇంకో మాట కూడా అన్నారు, అది నాకు బాగా గుర్తుండిపోయింది: "అంటుకుంటాదా అని కాదు బాబూ, రేపు పొద్దున్న ఊడదీయాల్సొస్తే బోర్డు మిగుల్తాదా అని చూసుకోవాల."

కరెంటు పాయింటుకి కూడా అంతే. ఈ సెట్టులో పవర్ బోర్డు నుంచి 7.5 వోల్టులూ 3.5 వోల్టులూ రెండూ వస్తాయి, మన చిప్ ఐదున్నర దాటితే బతకదు. బొమ్మలో ఏముందో పక్కన పెట్టి, పవర్ బోర్డు మళ్ళీ తగిలించి, సెట్టు ఆన్ చేసి, తను అనుకున్న పాయింటు మీద 3.5 చూసుకుని, ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు చాక్‌పీసుతో అక్కడ చిన్న గుర్తు పెట్టారు. గ్రౌండ్‌కి నేనైతే స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న పెద్ద రాగి రింగు చూపించేవాడిని, అంత పెద్దది ఇంకేం కావాలి. అది వేడంతా లాగేస్తుందట, పైన లెడ్ ముద్ద కట్టినట్టు కనిపిస్తుంది, కింద అతకదు, డ్రై సోల్డర్. ఆయన పక్కనున్న కెపాసిటర్ గ్రౌండ్ కాలు తీసుకున్నారు.

నేను అస్సలు ఊహించనిది ఇంకోటి. బోర్డు మీద ఇనప రేకు ఒకటి మూతలా కూర్చుంటుంది. ఆయన ప్రతి పాయింటు గుర్తు పెట్టాక ఆ రేకు మళ్ళీ పైన పెట్టి, దాని అంచులు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకున్నారు. ఒక మంచి పాయింటు, లావుగా, చేతికి అందేలా ఉన్నది, కేవలం రేకు అంచు కిందకి వస్తోందని వదిలేశారు. అంతకుముందు తీసేసిన సెల్‌ఫోన్ షాపువాళ్ళ తీగల్లో ఒకటి సరిగ్గా అక్కడే నలిగి తోలు పోయి ఉంది.

టంకం పెట్టడం పదిహేను నిమిషాల్లో అయిపోయింది, చెప్పడానికేం లేదు. ఐరన్ 320 డిగ్రీల దగ్గర, సన్నటి బిట్, తీగ పావు మిల్లీమీటర్ మందం (30 గేజ్ అంటారు), చివరకి ముందే లెడ్ పట్టించి పాయింటు మీద ఆనించి రెండు సెకన్లు. అంతే. ఆయనది ఎర్త్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్. నా రెండు పిన్నుల ఐరన్ గురించి చెప్తే, అలాంటిది తప్పనిసరై వాడితే బాగా వేడెక్కాక ప్లగ్గు పీకేసి అప్పుడు ముట్టించమన్నారు, లీకేజీ కరెంటుతో ఐసీలు పోయిన సెట్లు చాలా చూశారట. చివర్లో తీగలన్నీ పక్కపక్కవి ఒకదానితో ఒకటి కలవలేదని మీటరుతో చూసుకుని, మధ్యమధ్యలో గమ్ముతో బోర్డుకి అంటించి, అప్పుడు ఆన్ చేశారు. అక్క పంపిన డిస్కు మొదటిసారికే లేచింది. తెల్లటి తెర తర్వాత నల్లటి తెర మీద ఆ లోగో వచ్చినప్పుడు, ముప్పై ఎనిమిదేళ్ళ వాడిని, షాపులో గట్టిగా అరిచాను. ఆయన టీ తాగుతున్నారు.

తీసుకున్నది తొమ్మిది వందలు. వెతకడానికే ఇచ్చాననుకుంటున్నాను, టంకానికి కాదు.

ఇప్పుడు ఆ ఒక స్టార్ సంగతి. రెండు రోజులన్నది పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజుల్లో నేను మద్దిలపాలెం నుంచి నాలుగుసార్లు తిరిగాను, రెండుసార్లు షట్టరు వేసి ఉంది. ఫోను ఎత్తరు. వాట్సాప్ లేదు. బిల్లు అడిగితే క్యాలెండర్ కాగితం వెనక రాసి ఇచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర తర్వాత వెళ్ళకండి, నాలుగున్నర దాకా తెరవరు. గమ్ము కూడా కొంచెం ఎక్కువే పోశారు, రేపు ఎవరైనా విప్పితే తిట్టుకుంటారు. కింద మూతకి ఐదు స్క్రూలు ఉండాలి, నాలుగే వచ్చాయి.

కాపీ డిస్కులు ఆడించుకోవడానికైతే ఆయన దగ్గరికి వెళ్ళకండి, ముఖం మీదే పొమ్మంటారు. నన్ను కూడా ఒరిజినల్ డిస్కులు చూపించమని అడిగారు. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు దాటితే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా కూడా. ఆయనకి సెక్షన్ నంబరు తెలుసు, నాకు అప్పటిదాకా తెలీదు.

ఇంకొక్కటి మిగిలింది. మా హాల్లో టీవీకి పెడితే అమెరికా గేములు నలుపు తెలుపులో వస్తున్నాయి. చిప్ తప్పు కాదు, యూరప్ సెట్టు అమెరికా గేము ఆడేటప్పుడు మామూలు పసుపు పిన్ను వైరులో వెళ్ళే రంగు సిగ్నల్ కొన్ని టీవీలకి అర్థం కాదు, రంగులు విడివిడిగా పంపే ఆర్‌జీబీ కేబుల్ వేస్తే రంగు వస్తుంది అన్నారు మాస్టారు. కేబుల్ ఆర్డర్ పెట్టాను. అది వచ్చాక మళ్ళీ ఆ మెట్లెక్కాలి, ఎలాగూ ఆ స్క్రూ ఒకటి అడగాలి.